అమెరికాలో ఉన్న బావగారి డబ్బుతో న్యూస్ సైట్ పెట్టొచ్చా? – సమాధానం

ఇసుక తవ్వకాలు, భూ రికార్డుల మీద పరిశోధించి రాసే సైట్‌కు అమెరికాలోని మీ బావగారు డబ్బిస్తానన్నారు, తీసుకోవచ్చా అని అడిగారు. ముందు ఆయన పాస్‌పోర్ట్ ఏ దేశానిదో కనుక్కోండి. అసలు విషయమంతా అక్కడే ఉంది. ఇండియన్ పాస్‌పోర్టే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. గ్రీన్ కార్డు ఉన్నా పర్వాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఆడియో, వీడియో వార్తలు ఇచ్చే సంస్థలు దాన్ని తీసుకోకూడదు. మీరు వీడియోలు కూడా పెడతామన్నారు కాబట్టి దయచేసి ఆ రిస్క్ తీసుకోకండి.

మన దేశంలోనే దాతలున్నారు. 2015లో బెంగళూరులో మొదలైన ఇండిపెండెంట్ అండ్ పబ్లిక్ స్పిరిటెడ్ మీడియా ఫౌండేషన్ ఇలాంటి సంస్థలకు గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. అజీమ్ ప్రేమ్‌జీ, రోహిణి నీలేకని దానికి నిధులిచ్చినవారిలో ఉన్నారు. అడిగే ముందు సెక్షన్ 8 కంపెనీగా, అంటే లాభాపేక్ష లేని కంపెనీగా, రిజిస్టర్ చేయించుకోండి. ‘ది వైర్’ న్యూస్ సైట్‌ను నడిపే సంస్థ కూడా అలాంటిదే.

ఒక్క దాత మీదే ఆధారపడకండి, నాకు మరీ భయం అదే. అమెరికాలో ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తా సంస్థ మొదట్లో ప్రధానంగా శాండ్లర్ దంపతుల డబ్బుతోనే నడిచింది. తర్వాత వేలమంది చిన్న దాతలను కూడగట్టుకుంది. మీరు మొదటి నెల నుంచే పాఠకులను వందా, రెండొందలూ అడగండి. ప్రచురించేదాకా కథనం దాతకు చూపించబోమని ఒప్పందంలో రాయించండి, దాతల పేర్లు సైట్‌లో పెట్టండి. సంతకాలకు ముందు ఎఫ్‌సీఆర్‌ఏ తెలిసిన సీఏకి కాగితాలు చూపించండి.