ముందు బ్రేకు, తర్వాతే కిక్కు

చి. రఘుకు,

మావయ్య ఆశీస్సులు.

నాన్న బుల్లెట్‌ని షెడ్డులోంచి బయటికి లాగావనీ, దసరాకి దాని మీదే మా ఊరొస్తానంటున్నావనీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసిందిరా. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. 1989 మోడల్, పన్నెండేళ్లుగా కదలని బండి. ఇంజను గురించి నాకు బెంగ లేదు, ఆ కాస్ట్ ఐరన్ ఇంజను ఎలాగోలా లేస్తుంది. ఆగడం గురించే బెంగ. కిక్కు కొట్టాలన్న ఆత్రం పక్కన పెట్టి ముందు చక్రాలు, తర్వాత బ్రేకులు, ఆఖర్న పెట్రోలు చూడు.

టైర్లు, ట్యూబులు, రిమ్ టేపు కొత్తవి వెయ్యి. బటన్లు అరగలేదు కదా అనకు. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అది చూస్తే నీకే తెలుస్తుంది.

స్పోకులు మార్చాలనుకుంటే, విప్పకముందే ఇనుప స్కేలు డ్రమ్ము (చక్రం మధ్యలో బ్రేకు ఉండే గుండ్రటి డొల్ల) అంచుకి ఆనించి, అక్కణ్ణుంచి రిమ్ము అంచు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో రాసుకో. ఈ కొలత లేకుండా 40 స్పోకులూ పీకేస్తే చక్రం గుండ్రంగానే వస్తుంది గాని రెండు చక్రాలూ ఒక గీతలో ఉండవు. లోపలి స్పోకులకీ బయటివాటికీ మెడ వంపు వేరు, విడివిడిగా కట్టి పెట్టు. బిగించేటప్పుడు ముందు ఎగుడుదిగుడు తీసి, ఆ తర్వాత పక్కల ఊపు తియ్యి. నిపిల్‌ని (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టుని) ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకు. ఊపు మిల్లీమీటరు లోపుకొస్తే చాలు. పానాతో తట్టిచూడు. అన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో ఖంగుమనాలి, డబ్బుమన్నది వదులుగా ఉన్నట్టు. నిపిల్ దాటి పొడుచుకొచ్చిన మొనల్ని ఆకురాయితో అరగదీయకపోతే ట్యూబుకి చిల్లు పడుతుంది.

హబ్బులోకి, అంటే చక్రం నడిమి భాగంలోకి, కొత్త బేరింగు దించేటప్పుడు బయటి రింగు మీదే కొట్టు. లోపలి రింగు మీద కొడితే గుళ్లు తిరిగే దారిలో గుంటలు పడతాయి, వెయ్యి కిలోమీటర్లకే మూలుగు మొదలవుతుంది. గ్రీజు బేరింగులో కూరు, హబ్బు ఖాళీ అంతా నింపకు.

ఈ బండికే ఒకసారి అలా నింపారు. ఎండకీ బ్రేకు వేడికీ గ్రీజు కరిగి, సీలు దాటి ముందు డ్రమ్ములోకి దిగింది. బ్రేకు షూలు (డ్రమ్ముని లోపల్నుంచి ఒత్తి ఆపే వంపు ముక్కలు) నల్లగా, జిడ్డుగా తయారయ్యాయి. కొత్తవి కొనకుండా వాటినే పెట్రోలుతో కడిగి, ఎమెరీ కాగితంతో రుద్ది, ఎండబెట్టి బిగించింది నేనే. వీధిలో తిప్పి చూస్తే బ్రహ్మాండంగా పట్టాయి. సింహాచలం కొండ దిగుతుంటే, వెనక మీ అమ్మ కూర్చుని ఉండగా, పట్టు వదిలేశాయి. బావగారు గేర్లు దించుకుంటూ ఇంజను మీదే ఆపుకున్నారు. ఇంటికొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు.

ఎందుకలా అయిందో తెలుసుకో. లైనింగు (షూ మీద ఉండే రాపిడి పొర) లోపల సన్నని రంధ్రాలుంటాయి, జిడ్డు వాటిలోకి ఇంకిపోతుంది. పెట్రోలు పైపొరనే కడుగుతుంది. చల్లగా ఉన్నంతసేపూ పొడిగా, కొత్తదానిలా కనిపిస్తుంది. వరసగా నాలుగైదుసార్లు బ్రేకు వేసేసరికి వేడికి లోపలి జిడ్డు పైకి ఊరుతుంది. అందుకే వీధిలో పట్టిన బ్రేకు ఘాటు రోడ్డులో పట్టదు. గుర్తు కూడా చెబుతాను: లివరు గ్రిప్పు దాకా వచ్చేస్తే కేబులో, అడ్జస్టుమెంటో చూడు. లివరు గట్టిగానే ఉండి బండి ఆగకపోతే జిడ్డు పట్టినట్టు. జిడ్డు తగిలిన షూని పారెయ్యాల్సిందే. రెండూ కలిపి మార్చు, సీలు కూడా మార్చు.

ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, దాని దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. డ్రమ్ము తెరిచి కంప్రెసర్‌తో ఊదొద్దు, నోటితో అసలే వద్దు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో మూటగట్టి పారెయ్. పాపని ఆ చుట్టుపక్కలకి రానివ్వకు, నా మాట విను.

కొత్త షూ డ్రమ్ముకి మొత్తం ఆనదు. లైనింగు మీద సుద్దముక్క రాసి, చక్రం బిగించి, తిప్పుతూ మెల్లగా బ్రేకు వేసి విప్పు. సుద్ద చెరిగినచోటే ఆనుతోందన్నమాట. అక్కడ కాస్త రుద్ది మళ్లీ చూడు. పొడవులో ముప్పాతిక భాగమైనా ఆనేదాకా ఓపిక పట్టు. డ్రమ్ములో మెట్టు పడితే లేత్ మీద పట్టించు. షూలని విడదీసే క్యామ్‌కి గ్రీజు వేలికొసకి అంటినంతే రాయి. లివరు పూర్తిగా నొక్కినప్పుడు క్యామ్ చేతికీ కేబులుకీ మధ్య కోణం 90 డిగ్రీలకి కొద్దిగా లోపే ఉండాలి, దాటితే బలం తగ్గిపోతుంది. చివరగా యాక్సిల్ నట్టు కొంచెం వదులుగా ఉంచి, బ్రేకు గట్టిగా నొక్కిపట్టి, అప్పుడు బిగించు. షూలు నడిమధ్యకి సర్దుకుంటాయి. బ్రేకు ప్లేటు తిరగకుండా పట్టే యాంకర్ నట్టుని రెండుసార్లు చూడు. అది ఊడితే ప్లేటు గిర్రున తిరిగి చక్రాన్ని పట్టేస్తుంది.

ఇక పెట్రోలు. ట్యాంకుకి చిల్లుందని వెల్డింగుకి ఇస్తావేమో, లోపల ఆవిరి మిగిలితే పేలుతుంది. ఆ పని తెలిసినవాడి చేతికే ఇవ్వు. తుప్పుకైతే పెట్రోలు ట్యాప్ విప్పి, రంధ్రం మూసి, 20 నట్లు లెక్కపెట్టి లోపల వేసి, వెనిగర్ పోసి కుదుపు. ఒక రోజు ఉంచి, నట్లు లెక్కపెట్టి తీసి, వంటసోడా కలిపిన నీళ్లతో కడుగు. వెంటనే ఆరబెట్టి కొంచెం ఇంజను ఆయిల్ తిప్పు, గంట ఆలస్యమైనా మళ్లీ ఎర్రబడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపూ వాషర్లూ ఆగవు, ఇథనాల్‌కి తట్టుకునేవి వెయ్యి.

మిక్‌కార్బ్ (ఈ బండి కార్బురేటరు) జెట్లలో, అంటే పెట్రోలు వచ్చే సన్నరంధ్రాల ముక్కల్లో, తీగ దూర్చొద్దు, ఇత్తడి రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్ కొట్టి వెలుతురుకి ఎత్తి చూడు, చిన్న జెట్టులో కూడా గుండ్రటి చుక్క వెలుగు కనిపించాలి. పెట్రోలు రాకని ఆపే ఫ్లోట్ సూది మొన మీద గాడి పడితే పెట్రోలు కారుతుంది. గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూని మెత్తగా ఆనించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టు. కొంతదూరం పోయాక బండి ఆగిపోయి, ట్యాంకు మూత తీస్తే ‘సుయ్’మని గాలి లోపలికి పోతే, మూతలోని గాలి రంధ్రం పూడినట్టు.

ఒక్కటి మరిచిపోకు. ఈ బండికి ఎడమ కాలు బ్రేకు, కుడి కాలు గేరు. నీకు అలవాటైంది దానికి తలకిందులు. కంగారులో పాత అలవాటే ముందుకొస్తుంది. నాలుగు రోజులు స్కూలు గ్రౌండులోనే తిప్పు.

దసరాకి కుదరకపోతే దీపావళికి రా. ముందు చక్రం బిగించేముందు షూల ఫొటో నాకు పంపు, చూసి చెబుతాను.

మీ మావయ్య