మొదటి జత కొనే ముందు

అల్లుడూ,

నిన్న ఫోన్‌లో నువ్వు "మామయ్యా, పౌడర్, గుండు విడివిడిగా నింపి, రాగి టోపీ (క్యాప్) తొడిగి పేల్చే ఆ పాతకాలం క్యాప్ అండ్ బాల్ రివాల్వర్లతో కౌబాయ్ షూటింగ్ పోటీలు మొదలుపెడదామనుకుంటున్నా, ఏది కొనమంటావు" అనగానే నవ్వాను. నిన్ను చూసి కాదు. నేను ఈ టెక్సస్‌లో ఎవరినీ అడక్కుండా, బొమ్మ బాగుందని ఇత్తడి ఫ్రేమ్‌ది ఒకటి తెప్పించుకున్న రోజు గుర్తొచ్చింది. మీ అత్త దాన్ని చూసి "దేవుడి గూట్లో పెట్టుకో, తోముకోవడానికి బాగుంటుంది" అంది. ఏడాది తిరిగేసరికి అదే నిజమైంది.

కాబట్టి మొదటి మాట: ఉక్కు ఫ్రేమ్ తప్ప కొనకు. ఇత్తడి మెరుస్తుంది, చవకగానూ వస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో ఉక్కు కరువైన దక్షిణాది వాళ్లు జార్జియాలో ఇత్తడి ఫ్రేములతో రివాల్వర్లు చేసుకున్న మాట నిజమే. కానీ మనం ఒక్క మ్యాచ్‌లో ఆరు స్టేజీలు (టైమర్ పెట్టి పలకలు కొట్టే వంతులు) ఆడితే రెండు రివాల్వర్లకీ కలిపి 60 గుళ్లు పేలుతాయి. నెల నెలా ఆ దెబ్బలు పడుతుంటే ఇత్తడి కొద్దికొద్దిగా సాగుతుంది, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు పెరుగుతుంది.

రెండోది, ఒకటి కాదు, ఒకే మోడల్‌వి రెండు కొను. ఇది జతతో ఆడే ఆట. ఎడమచేతిలో ఒక రకం, కుడిచేతిలో ఇంకో రకం ఉంటే రెండు రకాల క్యాప్‌లు, రెండు సైజుల గుళ్లు మోసుకు తిరగాలి, పైగా టైమర్ మోగాక ఏది ఏదో తెలియక టెన్షన్.

ఇక ఏ మోడల్ అన్నది. ఇటలీలో బ్రెషా దగ్గర ఉబెర్టీ, పియెట్టా వాళ్లు పాత అమెరికన్ కోల్ట్‌లు, రెమింగ్టన్‌లు దాదాపు అన్నిటికీ నకళ్లు చేస్తారు. అన్నీ పోటీకి పనికిరావు. 1847 నాటి వాకర్ చూడ్డానికి భలే ఉంటుంది, బరువు మాత్రం రెండు కిలోలు. మనం ఆడే ఫ్రాంటియర్స్‌మన్ విభాగంలో ఒంటి చేత్తోనే కాల్చాలి, ఆ చేత్తోనే హ్యామర్ లాగాలి. మూడో స్టేజీకి మణికట్టు ఏడుస్తుంది. .31 (గొట్టం వెడల్పు, అంగుళాల్లో) పాకెట్ మోడళ్లు ఊసే వద్దు, .36 కంటే చిన్నది అక్కడ చెల్లదు.

మిగిలేవి మూడు: కోల్ట్ వాళ్ల 1851 నేవీ, 1860 ఆర్మీ, రెమింగ్టన్ వాళ్ల న్యూ మోడల్ ఆర్మీ. మూడోదాన్ని అందరూ "1858" అంటారు. అది బ్యారెల్ మీద చెక్కిన పేటెంటు తేదీ మాత్రమే, తుపాకి వచ్చింది 1863లో. అలాగే ఇప్పుడు .44లో "1851 నేవీ" అమ్ముతున్నారు. అసలు 1851 ఎప్పుడూ .36నే. ఆడుకోవడానికి తప్పులేదు గానీ, చరిత్ర పిచ్చితో వస్తున్నవాడివి, తెలిసి కొను.

రెమింగ్టన్‌కి సిలిండర్ పైన ఉక్కు పట్టీ ఉంటుంది. గట్టిది, విప్పడం తేలిక. పిన్ను లాగితే సిలిండర్ చేతికొస్తుంది, పక్కన స్టాండ్ మీద పెట్టి నింపుకోవచ్చు. అందుకే కొత్తవాళ్లందరికీ అదే చెబుతారు. నేనూ నాలుగేళ్లు దాంతోనే ఆడాను. దాని రోగం మసి. బ్లాక్ పౌడర్ అంటేనే మసి (దాన్ని తెలుగులో నల్లమందు అనకు, మన ఊళ్లో ఇంకేదో అనుకుంటారు). పేలినప్పుడల్లా సందులోంచి తన్నే మసి నేరుగా ఆ సన్నటి పిన్ను మీదే పడుతుంది. రెండు మూడు స్టేజీలయ్యాక సిలిండర్ మొరాయిస్తుంది. ప్రతి స్టేజీకీ తడిగుడ్డతో తుడిచి, కాస్త గ్రీజు రాస్తేనే దారికొస్తుంది. ఇంకోటి, ట్రిగ్గర్ గార్డ్‌కీ పిడికీ మధ్య చోటు తక్కువ. నీ చేతులు మా అక్క చేతుల్లాగే పెద్దవి, మధ్యవేలి కణుపు చితుకుతుంది.

కోల్ట్‌కి సిలిండర్ తిరిగే ఇరుసు లావుగా ఉంటుంది, దాని మీద గ్రీజు నిలవడానికి గాడులు. మసిని అది చాలాసేపు ఓర్చుకుంటుంది. పిడి చేతిలో పెట్టగానే కూర్చుంటుంది. కానీ కోల్ట్‌కి క్యాప్ రోగం ఉంది. పేలిన రాగి టోపీ ముక్కలై హ్యామర్ సందులో పడుతుంది, అంతే, తుపాకి కదలదు. నా మూడో మ్యాచ్‌లో అలా ఇరుక్కుంటే జనం చూస్తుండగా వేలితో పీక్కుంటూ నిలబడ్డాను. దీనికి మందు ఉంది. క్యాప్ తొడిగే నిపుళ్లు మార్చి, వాటికి సరిగ్గా బిగిసే క్యాప్ వాడితే సగం పోతుంది. హ్యామర్ సందులో చిన్న అడ్డు పెట్టించే తుపాకి మెకానిక్‌లున్నారు, దాంతో మిగతా సగం పోతుంది. మసికి మాత్రం అలాంటి శాశ్వత మందు లేదు. నేను రెమింగ్టన్ వదిలి నేవీకి మారింది అందుకే.

కోల్ట్ కొంటే ఇంటికి రాగానే ఒకటి చూడు. బ్యారెల్‌ని పట్టి ఉంచే చీలను కొద్దిగా లోపలికి కొట్టి సిలిండర్ తిప్పు. ఇంకొంచెం కొట్టి మళ్లీ తిప్పు. కొట్టేకొద్దీ బిగుసుకుపోతుంటే ఇరుసు పొట్టిగా ఉందని అర్థం, దాని కొన బ్యారెల్ రంధ్రం అడుగు దాకా చేరలేదు. కొన్ని కాపీల్లో ఇది మామూలే. ఆ ఖాళీలో సరైన మందం లోహపు బిళ్ల వేయిస్తే కుదురుకుంటుంది.

1860 ఆర్మీ కూడా మంచిదే, నేవీ ఫ్రేమ్ మీదే .44ని ఇమిడ్చారు, పిడి కాస్త పొడుగు. అయినా నీకు నా ఓటు నేవీకే. మన గురి ఏడు నుంచి పది గజాల్లో ఉండే ఇనప పలకలు, .36 గుండు చాలు, ఒంటి చేత్తో ఎగిరిపడదు. కోల్ట్‌లు దగ్గర్లో ఎత్తుగా కొడతాయి, పలక కింది అంచుకి గురిపెట్టు. 1865లో మిస్సోరీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆనాటి పేరుమోసిన తుపాకి వీరుడు వైల్డ్ బిల్ హికాక్ ఒకణ్ణి దాదాపు 75 గజాల నుంచి కొట్టింది నేవీతోనే అంటారు, అంత దూరానికైతే ఈ ఎత్తు సరిపోతుంది. సిలిండర్ మీద చెక్కిన ఓడల యుద్ధం కూడా చూడు. అది 1843లో టెక్సస్ నౌకాదళం ఇప్పటి మెక్సికోలోని కంపేచే దగ్గర చేసింది, నేవీ అన్న పేరు ఆ బొమ్మ వల్లే వచ్చిందంటారు.

పౌడర్ .36కి 15-20 గ్రెయిన్లు (దాదాపు ఒక గ్రాము) చాలు. గుండు మరీ లోతుకి దిగకుండా మధ్యలో మొక్కజొన్న రవ్వ పోస్తాం. గుండు మెత్తటి సీసంది కావాలి, దింపేటప్పుడు సన్నటి ఉంగరంలా చుట్టూ తెగి రావాలి, అప్పుడే సిలిండర్‌లో ఆ గది గట్టిగా మూసుకున్నట్టు. స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లోది) చిటికెడైనా పోయొద్దు, సిలిండర్ పగులుతుంది. అయిదే నింపి, హ్యామర్ ఖాళీ గది మీద దించాలి. తుపాకికి క్యాప్‌లు లోడింగ్ టేబుల్ దగ్గర తప్ప ఎక్కడా తొడగకు, ఇందులో మొహమాటం ఉండదు, ఇంటికి పంపేస్తారు.

అన్నట్టు, ఈ ఆట నడిపే సంస్థలో చేరాలంటే ఇంకెవరికీ లేని మారుపేరు ఒకటి ఇవ్వాలి. మన ఊరి పేరు తగిలించుకో, పోటీకి ఎవడూ రాడు.

కార్డు గీకే ముందు ఈ శనివారం ఏడింటికల్లా రేంజ్‌కి వచ్చేయ్. నా నేవీ జత, పాత రెమింగ్టన్ రెండూ తెస్తాను, ఒక్కోదాంతో రెండేసి స్టేజీలు కాల్చి చూడు. కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు నా దగ్గరున్నాయి. సాయంత్రం తుపాకులు వేణ్ణీళ్లతో కడిగేది నువ్వే. మీ అత్త పులిహోర కట్టిస్తానంది. సబ్బుతో చేతులు కడుక్కోకుండా డబ్బా మూత తియ్యకు, సీసం తగిలిన చేతులవి.

మీ మామయ్య