టూల్ బ్యాండ్ 'లేటరలస్' ఆల్బమ్‌లో అంత ఏముంది?

పాటలకు తలా తోకా ఉండదు, ఎనిమిదీ తొమ్మిదీ నిమిషాలు సాగుతాయి, అయినా ఈ ఆల్బమ్‌ను ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు అని అడిగారు. మొదట్లో నాదీ అదే గోడు. అమెరికన్ రాక్ బ్యాండ్ టూల్ 2001లో తెచ్చిన ఆల్బమ్ ఇది, దాదాపు 79 నిమిషాలు. నేను విన్నది చాలా ఏళ్ల తర్వాత, విజయవాడ నుంచి గుంటూరు కాలేజీకి వెళ్లే బస్సులో. మంగళగిరి దాటేలోపే విసుగొచ్చి రెండుసార్లు ఆపేశాను.

దారి చూపింది 'స్కిజమ్' అనే పాట. ముందు సీటు కమ్మీ మీద వేళ్లతో తాళం వేస్తుంటే ప్రతిసారీ తప్పేది. చిన్నప్పుడు సత్యనారాయణపురంలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నవాణ్ణి, పరువు పోయినట్టయింది. ఒకరోజు వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆ బేస్ గిటార్ వరసకు నోటితో జతులు, అంటే మృదంగం పలుకులు, కట్టి చూశాను. తక తకిట, తకిట తకధిమి. లోపలి ఒత్తులు అటూ ఇటూ అయినా లెక్క సరిపోయింది! ఐదు, ఏడు. మన ఐదు దెబ్బల ఖండచాపు తాళం పక్కనే ఏడు దెబ్బల మిశ్రచాపు. కలిపితే పన్నెండే, ఆరూ ఆరూగా కొడితే సాఫీగా పోయే లెక్క. ఇలా విరిచేసరికి మాత్రం కుంటుతూ నడిచే మనిషి ఇప్పుడు పడతాడో ఇంకాసేపటికి పడతాడో అన్నట్టుంటుంది. పడడు.

'లేటరలస్' పాట ఇంకా తమాషా. మొదటి చరణంలో పలికే అక్షరాలు 1, 1, 2, 3, 5, 8 అని పెరిగి, మళ్లీ 5, 3కి దిగుతాయి. ఫిబొనాచి వరస ఇది, ముందున్న రెండు సంఖ్యలు కలిపితే తర్వాతది వస్తుంది. పల్లవిలో 9, 8, 7 దెబ్బలు. పక్కపక్కన పెడితే 987, అది కూడా ఆ వరసలో పదహారో సంఖ్యే. లెక్క పెట్టుకుని రాయడం ఎవరైనా చేస్తారనుకోండి. ఆ లెక్క తెలియనివాడికి కూడా పాట మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తుందే, నాకు నచ్చింది అది. అన్నట్టు, ఈ సంఖ్యలు మన ఛందస్సులోనూ ఉన్నాయి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు; వీటితో నాలుగు మాత్రలను ఐదు రకాలుగా, ఐదు మాత్రలను ఎనిమిది రకాలుగా నింపొచ్చు. ఫిబొనాచి 1202లో పుస్తకం రాయకముందే పన్నెండో శతాబ్దపు జైన పండితుడు హేమచంద్రుడు ఇది చెప్పాడు.

అన్నీ బాగున్నాయని అనను. మధ్యలో వచ్చే చిన్న ముక్కల్ని ఇప్పటికీ దాటేస్తాను, చివర్లో వచ్చే గోల అసలు అక్కర్లేదు. మీరు 'స్కిజమ్'తో మొదలుపెట్టండి, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

కిందటి సంక్రాంతికి మా మృదంగం మాస్టారికి ఇదే పాట వినిపించాను. తాళం మూడో చుట్టు దాకా, సమం అనే మొదటి దెబ్బ కోసం వెతుకుతూ, కళ్లు మూసుకుని తొడ మీద వేళ్లు ఎంచారు. "ఒరేయ్, సమం దొరికింది. డ్రమ్ములవాడు గట్టివాడే. ఆ పాడేవాణ్ణి కాసేపు ఆగమను" అన్నారు.