అద్దె ఇంట్లో మామిడి మొక్క

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంటు ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని రెండుసార్లు చదివాను. టీవీలో వచ్చే కార్టూన్ హీరో మీద 48 పేజీల కామిక్, పేజీకి ఇంత అని డబ్బు. మొదటి పెద్ద పని. మీ అమ్మయితే ఫోన్ చేసి "కళ్లు మూసుకుని సంతకం పెట్టెయ్యమని చెప్పరా" అంది. సంతకం పెట్టు, కానీ కళ్లు తెరిచి పెట్టు.

ఇంకొకరి హీరోని గీయడం తక్కువ పని అని మీ ఫ్రెండ్స్ అన్నారని రాశావు. వాళ్లకి తెలియదు. అమెరికాలో కామిక్ పుస్తకం మొదలైందే అరువు బొమ్మలతో. 1933లో ఈస్టర్న్ కలర్ అనే ప్రింటింగ్ కంపెనీ, పేపర్లలో అప్పటికే వచ్చేసిన కార్టూన్లకి హక్కులు తీసుకుని, చిన్న సైజు పుస్తకంగా కుట్టి 'ఫన్నీస్ ఆన్ పరేడ్' అని వేసింది. సబ్బులమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లు కూపన్లు పంపినవాళ్లకి దాన్ని ఊరికే ఇచ్చారు. మరుసటి ఏడాది 'ఫేమస్ ఫన్నీస్' పది సెంట్లకి కొట్లోకి వచ్చింది. ఇలాంటి పుస్తకాలు పెరిగేకొద్దీ పాత బొమ్మలు చాలక కొత్తవి గీయించాల్సి వచ్చింది. నీలాంటి వాళ్లకి పని దొరికింది అప్పుడే.

బొమ్మ ఎవరిదన్న గొడవ మాత్రం అంతకన్నా పాతది. న్యూయార్క్‌లో పులిట్జర్ పేపర్‌కి అవుట్‌కాల్ట్ అనే ఆయన పసుపు చొక్కా గుండుపిల్లాడిని గీసేవాడు. ఎల్లో కిడ్ అంటే వాడే. 1896లో పోటీ పేపర్ నడిపే హర్‌స్ట్ ఎక్కువ జీతమిస్తానంటే అవుట్‌కాల్ట్ అటు వెళ్లాడు. పులిట్జర్ ఊరుకోలేదు, వేరే చిత్రకారుణ్ణి పెట్టి అదే పిల్లాణ్ణి గీయించాడు. ఒకే ఊళ్లో రెండు పేపర్లలో ఒకడే పిల్లాడు! అవుట్‌కాల్ట్‌కి దెబ్బతో తెలివి వచ్చింది. తర్వాత బస్టర్ బ్రౌన్ అనే ఇంకో కుర్రాణ్ణి పుట్టించి, 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో దుకాణం తెరిచి, వాడి పేరూ మొహమూ వాడుకునే హక్కుని కంపెనీలకి అమ్మాడు. కొన్నవాళ్లలో చెప్పుల కంపెనీ ఒకటి.

అందుకని నువ్వు ముందు అడగాల్సింది రేటు గురించి కాదు. ఆ హీరోని వాడుకునే హక్కునిచ్చే లైసెన్సు కాగితం ఎవరి పేరు మీద ఉందో అడుగు. నీతో మాట్లాడుతున్నది స్టూడియో, కార్టూన్ ఏమో ఛానెల్‌ది. మధ్యలో పబ్లిషర్ ఒకరున్నారు. డెల్ కథ చెప్తాను, విను. డోనాల్డ్ డక్, బగ్స్ బన్నీ, ఇలా జనానికి తెలిసిన మొహాలన్నీ డెల్ కామిక్స్ పేరుతోనే వచ్చేవి. 'వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్' 1950ల మొదట్లో నెలకి 30 లక్షలకి పైగా అమ్ముడుపోయేది. అయితే లైసెన్సులు తెచ్చేదీ, గీయించేదీ, అచ్చు వేసేదీ వెస్టర్న్ అనే ఇంకో కంపెనీ. డెల్ పని డబ్బు పెట్టడం, పంచడం. 1962లో ఇద్దరూ విడిపోయారు. వెస్టర్న్ వాళ్లు గోల్డ్ కీ అని కొత్త పేరు పెట్టుకుని డిస్నీ బొమ్మల్ని వెంట తీసుకుపోయారు. అన్నేళ్లు కవర్ మీద పేరు వేసుకున్న డెల్‌కి అవి లేకుండా పోయాయి. కవర్ మీద పేరు వేరు, కాగితం మీద పేరు వేరు.

రెండోది మోడల్ షీట్. హీరో ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎలా ఉంటాడో, రంగులేమిటో చూపించే షీట్లు చేతికి రాకుండా పెన్సిల్ ముట్టుకోకు. యూట్యూబ్‌లో చూసి గీసెయ్యమంటారు, వినకు. 1967లో గోల్డ్ కీ వాళ్లు స్టార్ ట్రెక్ కామిక్ మొదలుపెట్టి ఇటలీ చిత్రకారుల చేత గీయించారు. పాపం వాళ్లు ఆ సీరియల్ చూడనే లేదు, చేతిలో ఉన్నవి పబ్లిసిటీ ఫోటోలు. ఇంకేముంది, అందులోని ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్షనౌక వెనక నుంచి దీపావళి తారాజువ్వలా మంటలు! నవ్వుకోడానికి బానే ఉంటుంది కానీ, అప్రూవల్‌లో తిరిగొస్తే మళ్లీ గీయాల్సింది నువ్వే. అందుకే పెన్సిల్ దశలోనే ఓకే తీసుకో. రంగులు వేశాక మార్పులంటే వేరే డబ్బు అని రాయించుకో. మార్పులు ఎన్నిసార్లు అన్నచోట నీ అగ్రిమెంటులో "సంతృప్తి చెందేవరకు" అని ఉంది. ఆ మాట కొట్టేసి "రెండుసార్లు" అని పెట్టమను.

ఇక అసలు సంగతి. అయిదో పేజీలో, ఈ పనిలో నువ్వు సృష్టించినదంతా వాళ్లదే అని ఉంది. ఆ లైను తీసెయ్యరు. దాని కోసం పోట్లాడితే పని ఇంకొకరికి పోతుంది. కానీ ఆ లైను అర్థమేమిటో తెలుసుకుని సంతకం పెట్టు.

కార్ల్ బార్క్స్ అని ఒకాయన. డిస్నీ స్టూడియోలో మానేసి, కోళ్లు పెంచుకుందామని 1942లో ఊరవతలకి వెళ్లాడు. వెస్టర్న్ వాళ్లకి డోనాల్డ్ డక్ కథలు గీయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లకి పైగా అదే పనిలో ఉన్నాడు. చాలావరకు కథా ఆయనదే, బొమ్మా ఆయనదే, జీతం పేజీ లెక్కన. 1947లో ఒక క్రిస్మస్ కథ కోసం పిసినారి మేనమామ బాతు ఒకటి కావలసి వచ్చింది, గీశాడు. అదే అంకుల్ స్క్రూజ్. మీ అక్క చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే దూరదర్శన్ ముందు కూర్చుని చూసేది చూడు, డబ్బుల్లో దూకి ఈతకొట్టే బాతు, అదే. పుస్తకాల మీద పేరు మాత్రం వాల్ట్ డిస్నీది. పిల్లలకి బార్క్స్ పేరు తెలియదు, 'బాతుల్ని బాగా గీసే ఆయన' అనుకునేవాళ్లు. 1960లో ఒక అభిమాని ఎలాగో ఆచూకీ పట్టి ఉత్తరం రాస్తే, ఎవరో స్నేహితుడు ఆటపట్టిస్తున్నాడని అనుమానపడ్డాడట. రిటైరయ్యాక అవే బాతుల్ని ఆయిల్ పెయింటింగులుగా వేసుకోడానికి డిస్నీ పర్మిషన్ అడిగాడు. 1971లో ఇచ్చారు, 1976లో వెనక్కి తీసుకున్నారు. తను పుట్టించిన స్క్రూజ్‌ని గీయడానికి తనే అడగాలి!

నాదీ చిన్న కథ ఉంది, మీ అమ్మకి కూడా తెలియదు. మద్రాసులో ఉండగా ఒక కంపెనీకి వాళ్ల బొమ్మ మీద పిల్లల కథలు గీసేవాణ్ణి. ఓ కథలో ఖాళీ మూల కనబడి చిలకని పెట్టాను, తలకి రుమాలు కట్టి. మరుసటి ఏడు స్కూళ్లు తెరిచేసరికి ఆ చిలక నోటుబుక్కుల అట్టల మీద ఉంది. పాండీ బజార్‌లో నేనే డబ్బులిచ్చి ఒకటి కొనుక్కున్నాను. అడగడానికి వెళ్తే, నేను సంతకం పెట్టిన కాగితాన్నే తీసి చూపించారు. అద్దె ఇంట్లో మామిడి మొక్క వేసినట్టయింది నా పని.

నీ నోటుబుక్కులో బస్సు కండక్టర్ మేక ఉంది చూశావూ, టికెట్లు నమిలేసేది. దాన్ని ఈ కథలోకి తీసుకురాకు. గడి ఖాళీగా కనిపిస్తే చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. చెట్టు గీయి, కుక్కని గీయి. అలాగని పని దాచుకుని చెయ్యకు, వాళ్ల హీరోకి నీ చేతిలో ఉన్నదంతా పెట్టు. మేకని మాత్రం నీ పేరు మీద ఎప్పుడో బయటికి తీసుకురా.

మొదటి పేజీలో కథ, బొమ్మలు అని నీ పేరు ఉండాలని అడుగు. డబ్బు పెంచమంటే మొహం చిట్లించేవాళ్లు కూడా పేరు వెయ్యడానికి ఒప్పుకుంటారు. నువ్వు కల్పించిన పాత్రని బ్యాగుల మీదో సీసాల మీదో వేస్తే విడిగా కొంత ఇవ్వాలని కూడా అడిగి చూడు. ఇవ్వకపోవచ్చు, అయినా అడుగు. నువ్వు టాబ్లెట్ మీద గీస్తావు కాబట్టి ఒరిజినల్స్ తిరిగివ్వమనే తలనొప్పి లేదు.

ఇంకొకటి. ఏడో పేజీ ఫోటోలో నీ బొటనవేలు అడ్డమొచ్చింది. పని మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా గీసిన పేజీలకి డబ్బు ఇస్తారో లేదో ఆ లైనులోనే ఉన్నట్టుంది. మళ్లీ తీసి పంపు, అప్పటిదాకా పెన్ను మూత తియ్యకు.

మీ మావయ్య