రొమాంటిక్ పెయింటింగుల్లో అన్నీ కూలిపోయిన కోటలే ఎందుకు కనిపిస్తాయి?

రొమాంటిక్ కాలం (ఇక్కడ రొమాంటిక్ అంటే ప్రేమ కాదు, భావోద్వేగానికీ ఊహకీ పెద్దపీట వేసిన కళా ఉద్యమం) ల్యాండ్‌స్కేప్ బొమ్మల్లో, అంటే ప్రకృతి దృశ్యాల బొమ్మల్లో, పాడుబడ్డ కోట ఎక్కువగా రాజుల గొప్ప చెప్పడానికి కాదు, ఎంత పెద్ద అధికారమైనా కాలం ముందు, ప్రకృతి ముందు ఆగదని చెప్పే గుర్తు. 18వ శతాబ్దం చివర్నుంచి యూరప్‌లో ఫ్యాక్టరీలు, పట్నాలు గబగబా పెరిగిపోతుంటే పెయింటర్లకి పాతకాలం మీద, మనిషి మాట వినని కొండలూ తుఫానుల మీద మనసు మళ్లింది, ఆ రెండూ ఒకేచోట దొరికేది కూలిన కోట దగ్గరే, గోడ కట్టింది మనిషే గానీ దానిమీద గడ్డి మొలిపించింది వాన కదా.

ఇంగ్లండ్ పెయింటర్ జాన్ కాన్‌స్టేబుల్ 1829లో వేసిన హ్యాడ్లీ కోట బొమ్మే చూడండి. థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట గుట్ట మీద రెండు బురుజులు, ఎడమపక్క దానికి నిలువునా పగులు, కింద కుక్కతో ఒక కాపరి, దూరంగా మబ్బుల్లోంచి నీళ్ల మీద పడే వెలుగు, అంతే. 1814లో అక్కడ గీసుకున్న చిన్న పెన్సిల్ స్కెచ్‌ని, 1828 నవంబర్‌లో భార్య మరియా చనిపోయాక మళ్లీ బయటికి తీసి ఇంత పెద్ద బొమ్మ చేశాడు, అందుకే నాకైతే అందులో చరిత్ర కన్నా ఆయన దుఃఖమే ఎక్కువ కనిపిస్తుంది.

చాలామంది పొరబడేదేంటంటే కోట ఉంటే చాలు అర్థం ఒకటే అనుకోవడం. ఇంకో ఇంగ్లండ్ పెయింటర్ టర్నర్ 1800లో ఎగ్జిబిషన్‌కి పెట్టిన, వేల్స్‌లోని డోల్‌బాడర్న్ కోట బొమ్మలో విషయం చావు కాదు, చెర. అక్కడ బందీగా పడున్నాడని చెప్పుకునే యువరాజు ఒవైన్ గోచ్ పోగొట్టుకున్న స్వేచ్ఛ గురించి అది.