రెండు తోటల జీడిపిక్కలను పోల్చే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నీ ప్రాజెక్టు కాగితాలు అందాయి. పర్లాకిమిడి దగ్గరి తోటలోని పది జీడిపిక్కల సగటు బరువు 6.1 గ్రాములనీ, ఒడిశా సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు తోటలోని పదింటి సగటు 6.5 గ్రాములనీ, కాబట్టి రెండో తోట పిక్కే బరువైనదనీ రాశావు. లెక్కలో తప్పు లేదు, కానీ తీర్పులో తొందర ఉంది.

ముందు పిక్కలను బస్తాలో ఎక్కడినుంచి తీశావో చూసుకో. బస్తా కుదిపినకొద్దీ చిన్నవి సందుల్లోంచి కిందికి జారి పెద్దవి పైకి తేలుతాయి కనుక, పైనుంచి తీసిన గుప్పెడు ఆ బస్తాకు సరైన నమూనా కాదు. పిక్కలన్నీ గోనెపట్టా మీద పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని మాత్రం ఉంచుకుని మళ్ళీ కలుపు. కావలసినన్ని మిగిలేదాకా ఇలాగే చెయ్యి. రెండు బస్తాలకూ ఒకే పద్ధతి పాటించాలి.

ఇక అసలు సంగతి. నీ పట్టికనుంచి నేను లెక్కగడితే రెండు గుంపుల్లోనూ సగటు విచలనం, అంటే ఒక్కో పిక్క బరువు తన గుంపు సగటుకు సగటున ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత, 0.8 గ్రాములు వచ్చింది. సగటుల మధ్య తేడా 0.4, అంటే అందులో సగమే. బరువులన్నిటినీ ఒకే సంఖ్యారేఖ మీద రెండు రంగుల చుక్కలుగా పెట్టి చూడు, అవి కలగలిసిపోయి కనిపిస్తాయి. విచలనం 0.2 అయి ఉంటే అదే తేడా దానికి రెండింతలయ్యేది, గుంపులు విడిపోవడం కంటికే తెలిసేది. సమూహాల మధ్య దూరాన్ని వాటి లోపలి వైవిధ్యంతో తూచి చూడాలన్న ఈ ఆలోచన మీదే మన దేశపు గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1936లో తన దూరమానాన్ని నిర్మించారు. పదో తరగతి పిల్లవు నువ్వు అదే దారిలో నడుస్తున్నావని నాకెంతో సంతోషంగా ఉంది.

డొల్ల పిక్కలు ఒకటి రెండు పడితే సగటు కుంగుతుంది, అందుకని మధ్యగతం, అంటే బరువులను వరుసలో పేరిస్తే నడుమ వచ్చే విలువ, కూడా రాయి.

తరువాత ఒకే బస్తానుంచి పదేసి చొప్పున మూడు నాలుగు సార్లు తీసి తూచు. ఆ ఒక్క తోట సగటులే 5.8, 6.3 అంటూ ఊగుతుంటే, 0.4 తేడాను తోటల గుణానికి అంటగట్టలేవు. ఆ ఊగిసలాట సగానికి తగ్గాలంటే నమూనా నాలుగింతలు కావాలి.

నలభై చొప్పున తూచి పట్టిక పంపు. బరువు ఒక దశాంశ స్థానం వరకు ఉంటే చాలు.

ఆశీస్సులతో,
తాతయ్య