ఉచిత ట్రైనింగ్‌కి డబ్బెందుకు అడుగుతున్నట్టు?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ అయింది. ఫార్మా కంపెనీల్లో పనికి గవర్నమెంటే ట్రైనింగ్ ఇప్పిస్తోందని, ఆ సర్టిఫికెట్ ఉంటే విశాఖ దగ్గర పరవాడలో ఉద్యోగం గ్యారంటీ అని ఒకాయన ఊళ్లోకొచ్చి చెప్పాడు. సీటు కోసం ఎనిమిది వేలు కట్టమంటున్నాడు. కొబ్బరి దింపు డబ్బులు చేతికొచ్చాయి, కట్టేయమంటారా?
(ఒక తండ్రి)

జవాబు: వద్దండి. ఆ డబ్బు దాచుకోండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆయన చెప్పిందాంట్లో సగం నిజమే, అందుకే నమ్మబుద్ధేస్తుంది. కేంద్రం 2015లో మొదలుపెట్టిన పీఎంకేవీవై అనే పథకంలో షార్ట్ టర్మ్ కోర్సులున్నాయి, ఫార్మా, బయోటెక్ పనులకి ఏ కోర్సులో ఏం నేర్పాలో చూసేందుకు లైఫ్ సైన్సెస్ సెక్టార్ స్కిల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ అని ఒక సంస్థ కూడా ఉంది. పల్లెటూళ్లలో పేద కుటుంబాల పిల్లలకైతే 2014లో వచ్చిన డీడీయూ-జీకేవై అనే పథకం ఉంది, మన రాష్ట్రంలో దాన్ని సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది, హాస్టల్, భోజనంతో సహా ఫ్రీ. ఇవేవీ పిల్లల దగ్గర ఫీజు తీసుకునేవి కావు, ట్రైనింగ్ సెంటర్‌కి ఇవ్వాల్సింది గవర్నమెంటే ఇస్తుంది. మరి ఆ ఎనిమిది వేలు ఎవరి జేబులోకి? ఆయన్నే అడగండి, సెంటర్ పేరు, కోర్సు పేరు కాగితం మీద రాసిమ్మనండి, స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే గవర్నమెంట్ పోర్టల్‌లో వెతికితే ఆ సెంటర్ ఉందో లేదో తెలిసిపోతుంది. సాధారణంగా ఇక్కడికొచ్చేసరికే ఇలాంటివాళ్లు ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఇక గ్యారంటీ సంగతి. ఏ పథకంలోనూ ఉద్యోగానికి గ్యారంటీ లేదు. నా ఉద్దేశంలో డిగ్రీ అయిన పిల్లకి మూడు నెలల సర్టిఫికెట్ కంటే ఏడాది అప్రెంటిస్‌షిప్, అంటే కంపెనీలో పనిచేస్తూ నేర్చుకోవడం, ఎన్నో రెట్లు మేలు. ఎందుకంటే మందు నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో, మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద శాంపిల్ పెట్టడం, చేసిన ప్రతి పనీ అప్పటికప్పుడు రికార్డులో రాసి సంతకం పెట్టడం, రీడింగ్ తప్పొస్తే దాన్ని చెరిపేయకుండా ఎందుకొచ్చిందో రాయడం, ఇవి క్లాస్‌రూమ్‌లో చెబితే వచ్చేవి కావు, కంపెనీలో నిలబడి చేస్తేనే వస్తాయి. వాక్-ఇన్ ఇంటర్వ్యూకి వెళ్తే అడిగేవీ ఇవే.

గవర్నమెంట్ సాయం ఇక్కడా ఉంది, కాకపోతే దీని గురించి ఊరూరా తిరిగి చెప్పేవాళ్లు లేరు, ఇందులో కమీషన్ రాదు కదా! డిగ్రీ, డిప్లొమా వాళ్లకి నాట్స్ అనే పథకం ఉంది. 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీ వాళ్లకి నెలకి కనీసం 9,000 స్టైపెండ్ అని పెట్టారు, ఆ కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. ఇంకోటి 2016లో వచ్చిన నాప్స్, ఇందులో కేంద్రం ఇచ్చేది స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1,500 మించదు. 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలని అప్రెంటిస్‌షిప్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి కంపెనీ మనకేదో దానం చేస్తోందని మొహమాటపడనక్కర్లేదు. అమ్మాయిని నాట్స్ పోర్టల్‌లో తనే రిజిస్టర్ చేసుకోమనండి, దానికి డబ్బు కట్టేదేమీ లేదు. మన రాష్ట్రానికి ఈ వ్యవహారాలు చూసేది చెన్నైలో ఉన్న బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్.

ఒకటి మాత్రం ముందే తెలిసుండాలి. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలని కంపెనీకి రూలేమీ లేదు. పీఎఫ్ కూడా కట్టరు. అయినా చేతిలో ఏడాది అనుభవం ఉంటుంది, ఈ ఫీల్డ్‌లో ఫ్రెషర్ అన్న మాట పోతేనే సగం తలుపులు తెరుచుకుంటాయి.

ప్రశ్న: తుని వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి హెల్పర్‌గా చేస్తున్నానండి. ఇంటర్ తప్పాను. మిషన్ నేనే నడుపుతాను, జీతం మాత్రం హెల్పర్‌దే. నాకేమైనా సర్టిఫికెట్ వస్తుందా?
(ఒక కార్మికుడు)

జవాబు: వస్తుంది. ఆర్‌పీఎల్ అని అడగండి. పని ఇప్పటికే వచ్చినవాళ్లకి మళ్లీ మొదట్నుంచి నేర్పకుండా, కొద్దిపాటి ఓరియెంటేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ఆపరేటర్ గ్రేడ్ అడగడానికి అది పనికొస్తుంది. క్యూసీ కెమిస్ట్ లాంటి పోస్టులకి మాత్రం డిగ్రీ ఉండాల్సిందే, ఈ సర్టిఫికెట్‌తో అక్కడికి వెళ్లలేరు. కుదిరితే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టేయండి బాబూ, అది ఎప్పటికైనా అక్కరకొస్తుంది.

ప్రశ్న: మావాడు అచ్యుతాపురం సెజ్‌లో అప్రెంటిస్‌గా చేరతానంటున్నాడు. అక్కడ జరిగిన ప్రమాదం టీవీలో చూసిన దగ్గర్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. నక్కపల్లిలో కొత్తగా ఫార్మా పార్క్ వస్తోందిగా, అది దగ్గర కూడాను, అప్పటిదాకా ఆగమననా?
(రాజోలు నుంచి ఒక అమ్మ)

జవాబు: మీ భయం ఉత్తినే పుట్టింది కాదమ్మా. 2024 ఆగస్టు 21న అక్కడి ఒక ఫార్మా కంపెనీలో సాల్వెంట్ (తేలిగ్గా అంటుకునే రసాయన ద్రవం) లీకై పేలుడు జరిగింది, 17 మంది పోయారు. దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను.

నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్క్‌కి ప్రధాని శంకుస్థాపన చేసింది 2025 జనవరి 8న. అక్కడ కంపెనీలు కట్టి, మనుషుల్ని తీసుకునేదాకా కుర్రాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం సరికాదు. పైగా బల్క్ డ్రగ్, అంటే మందుల ముడిసరుకు తయారీ అంటే, రసాయనాలు కలిపే రియాక్టర్లు, సాల్వెంట్లు, ఎక్కడైనా అదే పని. టాబ్లెట్లు, క్యాప్సూల్స్ చేసే ఫార్ములేషన్ యూనిట్లలో ఆ రకం ప్రమాదం తక్కువ, మొదటి ఉద్యోగం అక్కడ దొరికితే నేనైతే దానికే ఓటేస్తాను.

చేరేముందు తన అప్రెంటిస్ కాంట్రాక్ట్, నాట్స్ లేదా నాప్స్ పోర్టల్‌లో రిజిస్టరయిందో లేదో చూడమనండి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. అప్రెంటిస్‌కి పని చేస్తుండగా దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీదేనని 1961 నాటి అప్రెంటిస్ చట్టంలో ఉంది, కాంట్రాక్టే లేకపోతే రేపు ‘వాడు మా అప్రెంటిసే కాదు’ అంటారు కంపెనీవాళ్లు. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇక లోపల తను చూసుకోవాల్సింది, డ్రమ్ములోంచి సాల్వెంట్ మార్చేటప్పుడు నిప్పురవ్వ పుట్టకుండా ఎర్తింగ్ క్లిప్ పెట్టారా, తను ముట్టుకునే ప్రతి కెమికల్‌కీ సేఫ్టీ షీట్ ఉందా, అలారం మోగితే ఎటు పరిగెత్తాలో మొదటి రోజే చూపించారా అని. చూపించకపోతే అడగాలి. అడిగినందుకు కసురుకునే సూపర్‌వైజర్ ఉన్న చోట ఉండొద్దని చెప్పండి, స్టైపెండ్ ఇంకో చోటా వస్తుంది.

ప్రశ్న: బీఎస్సీ మైక్రోబయాలజీ. భీమవరం వదిలి వెళ్లలేను, ఇంటి దగ్గర పరిస్థితి అలాంటిది. ఫార్మా తప్ప మాకు దారి లేదా?
(ఒక విద్యార్థిని)

జవాబు: మీ ఊళ్లోనే ఉందమ్మా దారి. రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చిందా, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి ఉందా అని పీసీఆర్ టెస్ట్ చేసే ల్యాబుల్లో కావాల్సింది మైక్రోబయాలజీ వాళ్లే. ఎగుమతి చేసే ప్రాసెసింగ్ ప్లాంట్లలోనూ బ్యాక్టీరియా టెస్టులు రోజూ ఉంటాయి. చిన్న ల్యాబుల్లో జీతం మొదట్లో తక్కువే ఇస్తారు, పీసీఆర్ మీద చెయ్యి తిరిగేదాకా ఓపిక పట్టాలి. పెద్ద ప్లాంట్లకి మొదటి జవాబులో చెప్పిన 30 మంది రూలు వర్తిస్తుంది కాబట్టి, హెచ్‌ఆర్ దగ్గరికెళ్లి నాట్స్‌లో రిజిస్టరయ్యారా అని అడగండి. కాలేదంటే, అవ్వడమెలాగో మీరే పోర్టల్ తెరిచి చూపించండి.